పసివాళ్లకి బల్ల ఎందుకివ్వం?

నెలల బిడ్డకి బాప్తిస్మం ఇచ్చే మా సంఘాలు అదే బిడ్డకి బల్ల, అంటే ప్రభు భోజనంలోని రొట్టె, ద్రాక్షారసం, ఇవ్వడానికి పద్నాలుగు, పదిహేనేళ్లు ఆగుతాయి. నేను పుట్టి పెరిగిన సి.ఎస్.ఐ. సంఘంలో అంతే. లూథరన్ సంఘాల్లోనూ ఇంచుమించు ఇదే పద్ధతి. కతోలిక గుళ్లలో ఏడెనిమిదేళ్లకే తొలి దివ్యసత్ప్రసాదం ఇస్తారు గాని, అక్కడా ఆగడమైతే ఉంది. బాప్తిస్మం రోజున అయ్యగారు బిడ్డని చేతుల్లోకి తీసుకుని తలమీద నీళ్లు పోస్తారు. ఈ బిడ్డ ఇక క్రీస్తు శరీరంలో అవయవమని అందరి ముందూ చెప్తారు. మేమంతా లేచి నిలబడి ఆ బిడ్డని చేర్చుకుంటాం. తర్వాతి బల్లారాధనలో రొట్టె ఆ బిడ్డని దాటుకుని పక్కవాళ్ల చేతికి వెళ్తుంది. సండేస్కూలు పిల్లల మధ్య చాలా ఏళ్లు గడిపినదాన్నో ఏమో, ఒకే సంఘం ఈ రెండు పనులూ ఎలా చేయగలుగుతోందన్నది నాకు మింగుడుపడటం లేదు.

బాప్టిస్టు సంఘాల్లో ఈ ప్రశ్నే పుట్టదు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో వాళ్లే ఎక్కువ. పసిబిడ్డని గుడికి తెచ్చి ప్రతిష్ఠ చేస్తారు, ప్రార్థన చేస్తారు. తన నోటితో తాను విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్లలోకి దింపుతారు. బల్ల ఆ తర్వాతే. నేను ఆ పద్ధతికి చెందినదాన్ని కాకపోయినా, వాళ్ల లెక్క వాళ్లకి సరిపోయిందని ఒప్పుకుంటాను. లెక్క తేలనిది మాకే. విశ్వాసం ఒప్పుకోలేని పసివాళ్లకి బాప్తిస్మం ఇవ్వొచ్చంటాం, ఆ పసితనాన్నే కారణంగా చూపించి బల్ల దగ్గర ఆపేస్తాం.

మా గుడిలో జరిగింది ఒకటి చెప్తాను. పెద్దవాళ్లు ఆల్టర్ ముందు కటాంజనం దగ్గర మోకరిస్తే, పిల్లలు వాళ్ల పక్కన మోకరిస్తారు. అయ్యగారు పెద్దల అరచేతిలో రొట్టె పెడుతూ వచ్చి, పిల్లల దగ్గరికి వచ్చేసరికి తలమీద చెయ్యి ఉంచి దీవించి ముందుకి వెళ్తారు. ఒకసారి నాలుగైదేళ్ల పిల్ల వాళ్ల నానమ్మని చూసి తనూ కుడి అరచెయ్యి ఎడమ చేతి మీద పెట్టి చాచింది. అయ్యగారు మామూలుగానే తలమీద చెయ్యి ఉంచారు. ఆ పిల్ల చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. గిన్నె వచ్చి వెళ్లేదాకా అలాగే చాచి ఉంచింది. తర్వాత గుడి అంతటికీ వినపడేలా, "నానమ్మా, నాకేదీ?" అంది. "పెద్దయ్యాక ఇస్తార్లే తల్లీ" అని నానమ్మ ఆ చేతిని మూసి తన చేతిలో పెట్టుకుంది. ఎవరూ తప్పు చేయలేదు. అయ్యగారు రూలు పాటించారు, నానమ్మ బుజ్జగించింది. కాని ఆ పిల్ల అడిగినదానికి మా దగ్గర ఉన్న జవాబు అదొక్కటేనా అని ఆ రోజు నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఎవరినడిగినా చూపించేది ఒక్క చోటే, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకుని తినాలని అక్కడ ఉంది. శరీరాన్ని గుర్తెరగకుండా తినేవాడు శిక్ష కొనితెచ్చుకుంటాడని ఉంది. పసిబిడ్డ పరీక్షించుకోలేదు కాబట్టి బిడ్డ మేలు కోరే బల్ల ఇవ్వడం లేదంటారు. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నాకు తెలిసిన పెద్దలు నిజంగానే పిల్లల మీద ప్రేమతో ఆ మాట అంటారు. అయితే ఆ వచనాన్ని ఒక్కదాన్నే విడిగా కంఠతా పట్టించారు మాకు. దాని ముందూ వెనకా ఏముందో చాలా ఆలస్యంగా చదువుకున్నాం.

ముందూ వెనకా ఉన్నది ఒక భోజనం గొడవ. కొరింథు రెండు సముద్రాల మధ్య ఉన్న ఓడరేవు పట్నం. వర్తకులు, కూలీలు, బానిసలు, విడుదలైన బానిసలు అందరూ కలిసి బతికే చోటు. సంఘం కూడుకునేది కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో. అలాంటి ఇంటి భోజనాల గదిలో తొమ్మిది పదిమందికి మించి పట్టరు, మిగతావాళ్లు బయట ముంగిట్లో సర్దుకోవాలి. తీరిక ఉన్నవాళ్లు పెందరాళే వచ్చి, తెచ్చుకున్నది తినేసి, తాగేసి మత్తులో ఉండేవాళ్లు. పొద్దుగూకేదాకా పని చేసి వచ్చినవాళ్లకి ఏమీ మిగిలేది కాదు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడని, లేనివాళ్లని సిగ్గుపరుస్తున్నారని పౌలు మండిపడ్డాడు. పరీక్షించుకోమన్నది ఆ సందర్భంలో. ఆ మాట తర్వాత ఆయన చెప్పిన విరుగుడు కూడా చాలా మామూలుది: తినడానికి కూడుకున్నప్పుడు ఒకరికోసం ఒకరు ఆగండి.

అంటే పరీక్ష పెట్టింది పక్కవాడిని పట్టించుకోకుండా తిన్నవాళ్లకి. ఖాళీ చేతుల్తో ముంగిట్లో నిలబడ్డవాళ్లకి కాదు. ఆ గదిలో పసిపిల్లలు ఎక్కడ ఉండి ఉంటారు? బానిస తల్లి చంకలో ఉన్న బిడ్డ ఎవరి పక్షాన ఉంటుంది? ఆకలితో మిగిలిపోయినవాళ్ల పక్షానే. చిన్నవాళ్లని వదిలేసి తినొద్దని కోపంతో రాసిన మాటని, చిన్నవాళ్లని పక్కన పెట్టడానికి కారణంగా మేం వాడుకుంటున్నాం. ఇది తలుచుకుంటే నాకు బాధేస్తుంది. అదే పత్రికలో ఒక అధ్యాయం వెనక్కి వెళ్తే, రొట్టె ఒక్కటే కాబట్టి అనేకులమైన మనం ఒకే శరీరమని ఉంది. ఆ అధ్యాయం మొదట్లో సముద్రం దాటిన ఇశ్రాయేలీయుల సంగతి ఉంది. అందరూ మేఘంలో, సముద్రంలో బాప్తిస్మం పొందారని, అందరూ ఒకే ఆహారం తిన్నారని. ఆ సముద్రం దాటినవాళ్లలో చంటిబిడ్డలు లేరని ఎవరూ అనలేరు. ఎడారిలో మన్నా కురిసినప్పుడు వాళ్లకి పెట్టకుండా ఉంచారనీ అనలేరు.

తెలుగు క్రైస్తవులకి ఈ అధ్యాయం మిగతావాళ్లకంటే సులువుగా అర్థం కావాలి. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినొచ్చన్నది మన ఊళ్లలో ఎంత పెద్ద సంగతో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. మొదటి తరాల్లో సంఘంలోకి వచ్చినవాళ్లలో చాలామంది మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి వచ్చారు. పెద్ద కులాలవాళ్లు వీళ్లిద్దరినీ దూరం పెట్టేవాళ్లు, వీళ్లేమో ఒకరింట ఒకరు తినేవాళ్లు కాదు. ఒకే గిన్నె నుంచి తాగడం అంటే ఆ రోజుల్లో ఒట్టి ఆరాధన క్రమం కాదు, ఊరి కట్టుబాటుని దాటడం. 1912లో దోర్నకల్‌కి బిషప్ అయిన వేదనాయగం సామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ హోదా పొందిన మొదటి భారతీయుడు, ఈ కులం గోడమీద జీవితాంతం పోరాడాడు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మహాసభలో ఆయన తెల్ల మిషనరీలని అడిగింది కూడా దగ్గరితనమే, మాకు స్నేహితులుగా ఉండండని. అంత చరిత్ర ఉన్న సంఘంలో, పంక్తిలో ఎవరికి ఆకు వేయకపోయినా అది వాళ్లకి తగిలే దెబ్బేనని మేం మరిచిపోకూడదు. మన పెళ్లి భోజనాల్లో మూడేళ్ల పిల్లాడు తినేది ఒక లడ్డూ, రెండు ముద్దల పెరుగన్నమే అయినా, వాడికీ ఆకు వెయ్యమని పెద్దవాళ్లు కేకేసి మరీ చెప్తారు. వాడు ఎంత తింటాడన్నది ఎవరికీ పట్టదు. ఆ వరసలో వాడూ మనిషేనని అందరికీ తెలియాలి, వాడికి మరీ తెలియాలి.

పసిపిల్లలకి బల్ల ఇవ్వడం ఈ కాలపు కొత్త మోజు అనుకునేవాళ్లు మా సంఘంలో ఉన్నారు. నిజానికి ఇవ్వకపోవడమే తర్వాత వచ్చింది. మూడో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజికి సిప్రియన్ బిషప్. క్రీ.శ. 250లో చక్రవర్తి డేసియస్ అందరూ దేవతలకి బలులు ఇచ్చి తీరాలన్నప్పుడు చాలామంది క్రైస్తవులు లొంగిపోయారు. వాళ్ల గురించి రాస్తూ సిప్రియన్ తన కళ్ల ముందు జరిగిందని ఒక సంగతి చెప్పాడు. ఒక జంట భయంతో పారిపోతూ చంటిబిడ్డని దాది దగ్గర వదిలేశారు. దాది ఆ బిడ్డని అధికారుల దగ్గరికి తీసుకెళ్లింది. బిడ్డ మాంసం తినలేదు కాబట్టి, బలుల దగ్గర మిగిలిన రొట్టెని ద్రాక్షారసంలో కలిపి నోట్లో పెట్టారు. తర్వాత తల్లి తిరిగొచ్చింది. ఏం జరిగిందో ఆమెకి తెలియదు. బిడ్డని ఎత్తుకుని ఆరాధనకి వచ్చింది. డీకన్ (సంఘ పరిచారకుడు) గిన్నె పట్టుకుని వరసగా ఇస్తూ ఆ బిడ్డ దగ్గరికి వచ్చేసరికి, పిల్ల మొహం తిప్పేసుకుంది, పెదాలు బిగించింది. డీకన్ ఊరుకోలేదు, బలవంతంగా నోట్లో పోశాడు. పిల్ల కక్కేసింది.

సిప్రియన్ ఈ కథ చెప్పింది విగ్రహ బలుల మచ్చ ఎంత భయంకరమైందో చూపించడానికి. పసిపిల్లలకి సంస్కారం ఇవ్వాలా వద్దా అన్నది ఆయన మనసులోనే లేదు. చంకలో బిడ్డ దగ్గరికి గిన్నె రావడం ఆయనకి వివరించాల్సిన సంగతి కాదు, రోజూ జరిగేదే. ఏదో నిరూపించాలని చెప్పిన సాక్ష్యం కంటే, యథాలాపంగా బయటపడ్డ ఇలాంటి సాక్ష్యమే నాకు బలంగా కనిపిస్తుంది. నాలుగో శతాబ్దం చివర సిరియా వైపు తయారైన 'అపొస్తలుల శాసనాలు' అన్న గ్రంథం ఎవరి తర్వాత ఎవరు తీసుకోవాలో వరస చెప్తూ, మిగతా జనానికంటే ముందు పిల్లల్ని పెట్టింది. పసివాళ్లకి జన్మపాపం లేదన్న పెలగియస్ అనుచరులతో వాదిస్తూ హిప్పో బిషప్ అగస్టీన్, మనుష్యకుమారుని శరీరం తినకపోతే మీలో జీవం ఉండదని యోహాను ఆరో అధ్యాయంలో ఉన్నది పసివాళ్లకీ వర్తిస్తుందని గట్టిగా చెప్పాడు. అగస్టీన్ వాదం మొత్తాన్ని నేను మోయలేను. బాప్తిస్మం, బల్ల అందక చనిపోయిన పసికందు గతేమిటన్న దగ్గర ఆయనతో నడవడం నాకు చేతకాదు. కాని ఆయన కాలపు గుడిలో పిల్లలు బల్ల దగ్గర ఉన్నారన్నది మాత్రం ఖాయం.

మరి ఎప్పుడు ఆపారు? పడమటి సంఘంలో పన్నెండో శతాబ్దం దాకా పసిపిల్లలకి ఇస్తూనే ఉన్నారు. పాదిరి తన వేలిని గిన్నెలో ముంచి బిడ్డ నోట్లో పెట్టేవాడు. బిడ్డ చప్పరించేది. ఆ తర్వాత ఒక భయం పెరుగుతూ వచ్చింది. అది పిల్లల అర్హత గురించిన భయం కాదు, చుక్క కింద పడుతుందేమోనని. ద్రాక్షారసం క్రీస్తు రక్తమేనన్న ఆలోచన బలపడేకొద్దీ ఒక్క చుక్క ఒలికినా మహాపరాధమనిపించింది. క్రమంగా గిన్నెని మామూలు జనం దగ్గర్నుంచే తీసేశారు, రొట్టె మాత్రమే మిగిలింది. రొట్టె నమలలేని పసిబిడ్డకి ఇక ఏదీ మిగల్లేదు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ, తెలివి వచ్చిన వయసు నుంచి ప్రతివాళ్లూ ఏడాదికి ఒక్కసారైనా తప్పనిసరిగా తీసుకోవాలని శాసించింది. అందులో ఆ వయసుకి ముందు ఇవ్వొద్దన్న నిషేధమేమీ లేదు. కాని ఒకసారి వయసన్నది కాగితమ్మీదికి ఎక్కాక, దానికి కింద ఉన్నవాళ్ల వంతు మెల్లగా జారిపోయింది. 1562లో ట్రెంట్ మహాసభ పసివాళ్లకి ఇది అవసరం లేదని తేల్చి చెప్పింది. ప్రాచీనులు ఇచ్చినందుకు వాళ్లని తప్పు పట్టకూడదని కూడా అక్కడే రాసింది.

ప్రొటెస్టెంటులు గిన్నెని జనానికి తిరిగి ఇచ్చారు గాని పిల్లలకి ఇవ్వలేదు. సంస్కర్త కాల్విన్ వాదం, నిజాయితీగా చెప్పాలంటే, బలంగానే ఉంది. బాప్తిస్మం సంఘంలోకి ప్రవేశం, దాన్ని పసివాళ్లు పొందగలరు. బల్ల మాత్రం జ్ఞాపకం చేసుకోగలిగిన, ప్రచురించగలిగిన, తమని పరీక్షించుకోగలిగిన వాళ్లది అన్నాడు. పస్కా పండగలో కూడా అర్థం అడగగలిగిన వయసు పిల్లలే తిన్నారని అన్నాడు. ఇక్కడే నాకు ఆయనతో తేడా వస్తుంది. నిర్గమకాండంలో గొర్రెపిల్లని లెక్క కట్టింది ఇంటికొకటి చొప్పున, ఇంట్లోవాళ్ల సంఖ్యని బట్టి. ఇదేంటని పిల్లలు అడుగుతారు, అప్పుడు చెప్పండి అని ఉంది. అంటే ప్రశ్న పుట్టేది ఆ భోజనం దగ్గరే. ముందు అర్థం నేర్చుకుని రమ్మని పిల్లల్ని బయట కూర్చోబెడితే అడిగేదెవరు?

కాల్విన్ కంటే వందేళ్లకి పైగా ముందు, ప్రాగ్ నగరంలో ఈ ప్రశ్నకి వేరే జవాబు దొరికింది. మామూలు జనానికీ గిన్నె ఇవ్వాలని చెక్ ప్రజలు పట్టుబట్టారు. వాళ్ల బోధకుడు యాన్ హుస్‌ని 1415లో కాన్‌స్టాన్స్‌లో కాల్చి చంపినా వెనక్కి తగ్గలేదు. ఆయన తర్వాత రెండు మూడేళ్లకే వాళ్లు పసిబిడ్డల నోటికి కూడా గిన్నె అందించడం మొదలుపెట్టారు. 1436లో కతోలిక సంఘంతో రాజీ కుదిరినప్పుడు పెద్దవాళ్లకి గిన్నె ఒప్పుకున్నారు గాని, పసివాళ్ల సంగతి ఒప్పుకోలేదు. అయినా చెక్ గుళ్లలో దాదాపు రెండు శతాబ్దాలు ఇస్తూనే వచ్చారు, 1620లో వైట్ మౌంటెన్ యుద్ధంలో ఓడిపోయేదాకా. ఒక జాతి ప్రాణాలకి తెగించి గిన్నెని తెచ్చుకుని, తెచ్చుకున్నదాన్ని పసిపిల్లలకీ పంచింది. సంస్కరణ చరిత్ర చెప్పేటప్పుడు మా సండేస్కూలు పుస్తకాల్లో హుస్‌ని కాల్చేసిన సంగతి ఉంటుంది, ఆ పసిపిల్లల ఊసు ఉండదు.

తూర్పు సంఘాలైతే ఈ ఆచారాన్ని ఎప్పుడూ వదల్లేదు. గ్రీకు, రష్యన్, కాప్టిక్, ఇథియోపియన్, అర్మేనియన్ సంఘాల్లో బిడ్డకి బాప్తిస్మం, తైలాభిషేకం, సంస్కారం మూడూ కలిసే జరుగుతాయి. అంతదూరం పోనక్కర్లేదు, కేరళ ఆర్థడాక్సు సంఘాలూ అంతే. సికింద్రాబాదులో ఒక మలయాళీ కుటుంబం తమ బిడ్డ బాప్తిస్మానికి పిలిస్తే వెళ్లాను. నీళ్లలోంచి తీసి తుడిచి, నూనె రాసి, తెల్లబట్టలు తొడిగారు. ఇంకా వెక్కుతూనే ఉన్న ఆ బిడ్డ నోట్లో పాదిరిగారు రవ్వంత పెట్టారు. బిడ్డ నాలుకతో తడిమి చూసుకుంది, ఏడుపు ఆపింది. తల్లి పమిట చెంగు అందుకోబోతే పక్కనున్న పెద్దావిడ పెదాలు తుడవొద్దని సైగ చేసింది. పిల్లలకి ఇస్తే భక్తి సడలుతుందని నేను విన్న భయమంతా ఆ ఒక్క సైగ ముందు నిలబడలేదు. అంత జాగ్రత్త మా గుడిలో పెద్దవాళ్లు తీసుకునేటప్పుడు కూడా నేను చూడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. అర్థం కావాలి కదా అంటారు. ఎంత అర్థమైతే చాలు? 1529 అక్టోబరులో మార్‌బుర్గ్ కోటలో సంస్కర్తలు లూథరు, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆ కాలపు మహా పండితులు ఇద్దరూ. ఇది నా శరీరం అన్న మాటని లూథరు సుద్దముక్కతో బల్లమీద రాసి పెట్టుకున్నాడు. పదిహేను అంశాల్లో పద్నాలుగు ఒప్పుకున్నారు. చివరిదాంట్లో, క్రీస్తు శరీరం రొట్టెలో నిజంగా ఉందా అన్న దగ్గర విడిపోయారు. ఇప్పటికీ లూథరన్ గుడిలో ఒక అర్థం, కతోలిక గుడిలో ఒక అర్థం, బాప్టిస్టు గుడిలో ఇంకో అర్థం. సరిగ్గా అర్థమవడమే బల్లకి షరతైతే, ఈ మూడింట్లో కనీసం రెండుచోట్ల పెద్దవాళ్లకి కూడా ఇవ్వకూడదు.

మా పెద్దమ్మ బైబిలు ఉమన్‌గా పల్లెపల్లెకీ తిరిగి ఎంతోమంది ఆడవాళ్లకి పరలోక ప్రార్థన నేర్పింది. చివరి రోజుల్లో ఆవిడకి ఏదీ గుర్తుండేది కాదు. కొడుకుని అన్నయ్యా అనేది, నన్నయితే ఎవరో పనిమనిషి అనుకునేది. పరలోక ప్రార్థన మొదలుపెట్టి రెండో వాక్యం దగ్గర ఆగిపోయేది. అయ్యగారు నెలనెలా ఇంటికొచ్చి సంస్కారం ఇచ్చేవారు. చిన్న డబ్బాలోంచి రొట్టెముక్క తీసి, ద్రాక్షారసంలో తడిపి, నోట్లో పెట్టేవారు. ఆవిడ తనని తాను పరీక్షించుకుందా అని ఎవరూ అడగలేదు. అలా అడగడమే పాపమనిపించేది మాకు. నేనొకసారి, ఆవిడకి ఏమీ తెలియదు కదండీ అన్నాను. "ఆవిడకి గుర్తులేకపోతే ఏమైందండీ, ఆవిడ తరఫున సంఘానికి గుర్తుంది" అన్నారు అయ్యగారు. నాకు ఆ మాట నచ్చింది, నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. కాని ఆ మాటే ఇంకా ఏమీ తెలియని పసిబిడ్డకి ఎందుకు చెల్లదో నాకు తోచడం లేదు. జ్ఞాపకం పోయినవాళ్ల తరఫున గుర్తుంచుకోగల సంఘం, జ్ఞాపకం ఇంకా మొదలవనివాళ్ల తరఫున గుర్తుంచుకోలేదా? మా గుడిలో బుద్ధి ఎదగని ఒక కుర్రవాడున్నాడు. వయసు ముప్పై దాటింది. అతనికి బల్ల ఇస్తారు, ఇవ్వాలి కూడా. అతను రొట్టె తీసుకున్నప్పుడు అయ్యగారి చెయ్యి పట్టుకుని గట్టిగా నవ్వుతాడు. ఆ నవ్వు చూశాక ఇతనికేం అర్థమైంది అని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

తెలియదు అన్న మాట మన పూర్వీకుల మీద కూడా పడింది. 1876 నుంచి రెండేళ్లు దక్షిణాన్ని పీల్చేసిన కరువు తగ్గాక, 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువు కూలి ఇప్పించినన్నాళ్లూ, గింజల కోసం వస్తున్నారేమోనని అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపే ఉంచాడు. ఆ తర్వాత ఇచ్చినప్పుడు కూడా, ఈ చదువురాని జనానికి ఏం తెలుసని ముంచుతున్నారన్న ప్రశ్న తప్పలేదు. ఆ రోజు నీళ్లలోకి దిగిన వాళ్లకి సిద్ధాంతం చెప్పడం రాకపోవచ్చు. తమని మనుషులుగా చూసే చోటు ఇది అని మాత్రం తెలుసు. ఆ కొంచెం తెలివి చాలని నమ్మబట్టే ఈ రోజు మనం చదువుకుని, పుస్తకాలు ముందేసుకుని, పిల్లలకి ఎంత తెలియాలా అని లెక్కలు కడుతున్నాం. బాప్టిస్టులు నా మాటతో ఏకీభవించరు, అక్కడ దిగింది ఒప్పుకోగలిగిన పెద్దవాళ్లంటారు. నిజమే. నేను దాన్నుంచి తీసుకునేది ఒక్కటే, తెలియనివాళ్లని తూకం వేసే పని తెలిసినవాళ్లం అనుకునేవాళ్ల చేతికి వస్తే తూకం ఎప్పుడూ ఒక పక్కకే మొగ్గుతుంది.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం ఇంకొకటుంది. పసితనం నుంచే ఇస్తే, బల్లకి ముందు పిల్లలు తమ విశ్వాసం ఒప్పుకునే కన్ఫర్మేషన్‌కి విలువేం మిగులుతుందంటారు. నెలల తరబడి క్లాసులు, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం అప్పజెప్పడం, బిషప్ గారు వచ్చి తలమీద చేతులుంచడం, ఆడపిల్లలకి తెల్ల వోణీలు, ఇంట్లో కోడికూర, బంధువులు. ఆ ఎదురుచూపుకి ఒక పవిత్రత ఉంది, అందులోంచే వచ్చినదాన్ని నేను. మొదటిసారి గిన్నె అంచు పెదాలకి తగిలినప్పటి వణుకు నాకు ఇప్పటికీ గుర్తు. ఆ వణుకుని పిల్లలకి లేకుండా చేసే హక్కు నాకుందా అని చాలాసార్లు అనుకున్నాను. కాని క్లాసులు చెప్పేటప్పుడు చూసింది వేరు. చాలామంది పిల్లలకి కన్ఫర్మేషన్ పరీక్ష పాసవడంలా అయిపోయింది. పాసయ్యాక స్కూలుకి ఎవరు వస్తారు? పద్నాలుగేళ్లు కటాంజనం దగ్గర తలమీద చెయ్యి పెట్టించుకుని వెనక్కి వచ్చిన పిల్లాడికి, సరిగ్గా ఇంటర్లో చేరి ఊరు వదిలి హాస్టలుకి పోయే ఏడాది ముందు బల్ల ఇస్తున్నాం. తినడం అలవాటైన చోటికి మనిషి మళ్లీ వస్తాడు. అలవాటు కాకముందే పంపించేస్తున్నాం.

కన్ఫర్మేషన్ తీసేయమని నేనడగడం లేదు. తన నోటితో తాను ఒప్పుకునే రోజు ప్రతి మనిషికీ కావాలి. దాన్ని బల్లకి టిక్కెట్టుగా పెట్టడమే నాకు ఇష్టం లేదు. కతోలికులు 1910లోనే ఒక అడుగు వేశారు. అప్పటిదాకా చాలాచోట్ల పది, పన్నెండు, పద్నాలుగేళ్ల దాకా ఆపుతుంటే, పదో పయస్ పోపు మామూలు రొట్టెకీ దీనికీ తేడా తెలిస్తే చాలని, సుమారు ఏడేళ్లకే ఇవ్వమన్నారు. ఆంగ్లికన్ ఆరాధనా పండితులు 1985లో బోస్టన్‌లో కూడి, బల్లకి బాప్తిస్మమే ఆధారమని చెప్పారు. ఇంగ్లండు సంఘం 2006లో, కన్ఫర్మేషన్‌కి ముందే బాప్తిస్మం పొందిన పిల్లలకి ఇవ్వడానికి నియమాలు చేసింది. 1662 ప్రార్థన పుస్తకంలో కన్ఫర్మేషన్ షరతు పెట్టింది వాళ్లే. ఆ షరతు మనకి వచ్చింది వాళ్ల దగ్గర్నుంచే. ఇచ్చినవాళ్లు సడలించుకున్నా మనం బిగించుకునే ఉన్నాం.

ఇక ఎలా ఇవ్వాలన్న దగ్గర, సిప్రియన్ చెప్పిన ఆ కార్తేజి డీకన్ మీద నాకు కోపం ఉంది. బిడ్డ పెదాలు బిగించినా బలవంతంగా పోశాడు. అది సంస్కారం మంత్రంలా పనిచేస్తుందనుకునే మనిషి చేసే పని. మా గుడిలో ఇవ్వడం మొదలుపెడితే అలా జరగకూడదు. బిడ్డ మొహం తిప్పుకుంటే ఆ రోజుకి దీవించి పంపాలి. చెయ్యి చాస్తే ఇవ్వాలి. తల్లిదండ్రులు వద్దంటే బలవంతం వద్దు, వాళ్లతో మాట్లాడాలి, కావాలంటే ఏళ్ల తరబడి మాట్లాడాలి. చిన్న బిడ్డలకి నలిపిన రొట్టె రవ్వంత, ద్రాక్షారసంలో తడిపి. ఇంటికెళ్లాక ఆ రొట్టె ఎవరిదో, ఎందుకు విరిచారో చెప్పే పని అమ్మానాన్నలది, అదే రోజు, అన్నం తినేటప్పుడు. సండేస్కూల్లో మేం కూడా బల్ల గురించి పిల్లలకి బయటినుంచి వివరించడం మానేసి, వాళ్లు తిన్నదాని గురించి మాట్లాడొచ్చు.

నా మట్టుకు బాప్తిస్మం పొందిన రోజు నుంచే ఇవ్వాలంటాను. సంఘం అంత దూరం ఒకేసారి రాలేకపోతే, ముందు చెయ్యి చాచి అడగగలిగిన పిల్లల దగ్గర మొదలుపెట్టినా ఒప్పుకుంటాను. ఇది ఒక్క సంఘం తనంతట తాను చేసేది కాదు, డయోసిస్ ఒప్పుకోవాలి, బిషప్ గారి అనుమతి కావాలి. వచ్చే నెల పాస్టరేట్ కమిటీలో ఈ విషయం చర్చకి పెట్టమని అర్జీ రాసి అయ్యగారికి ఇచ్చాను. ఆయన చదివి, కొరింథీయులకు రాసిన పత్రిక పదకొండో అధ్యాయం మొత్తం ఆ రోజు కమిటీలో గట్టిగా చదివించిన తర్వాతే చర్చ మొదలుపెడదామన్నారు.